బావ తీసుకున్న ప్యాకేజీ

మా బావ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను బత్తలపల్లె క్రాసులో ఆటోలోకి జనాన్ని నింపుకుంటున్నాను. ఫోన్‌లో మా అక్క ఒక్క మాటే అంది. “మీ బావ లేడురా.” నేను ఇంజను ఆపి వెనక్కి తిరిగి, “దిగండమ్మా, మా బావ పోయినాడంట, నేను ఊరికి పోవాల” అన్నాను.

ఎవరూ దిగలేదు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “పోయిన నెల మీ అత్తను చంపితివి, ఈ నెల బావనా? ధర్మవరం రానంటే రానని చెప్పప్పా, మనుషులను చంపేదెందుకు?” అంది. ఆ అత్త ఇప్పటికీ గుండ్రాయిలాగా ఉంది. నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం నా ముఖం చూశాడు. ముందు ఆయన దిగి, తర్వాత వాళ్లందరినీ దింపాడు.

చావు కబురు కూడా నా నోట్లోంచి వస్తే నవ్వులాటే. చదివేవాళ్లకు ఆ సంగతి ముందే తెలియడం మంచిది. ఎందుకంటే మా బావ గురించి నేను చెప్పబోయేది నిజం. ఆ నిజాన్ని నోటితో చెప్పి చెప్పి ఓడిపోయాకే ఇలా కాగితం మీద పెడుతున్నాను. పదో తరగతి తప్పినవాణ్ని. వాక్యం ఎక్కడైనా కుంటితే క్షమించండి, నేను చెప్పే మనిషి మాత్రం కుంటలేదు.

బావ చెనిక్కాయ రైతు, అంటే వేరుశెనగ పండించేవాడు. చిన్నప్పుడు ఐటీఐలో కరెంటు పని నేర్చుకున్నాడు. ఊళ్లో కాలిపోయిన మోటార్లన్నిటికీ తీగ చుట్టింది ఆయనే. ఆ మోటార్ల హోరులో ఒక చెవి మందగించింది. అందుకని ఆయన గుసగుస పక్క వీధికి వినిపించేది. అక్క ఏదైనా రహస్యం చెప్పాలంటే ఆయన్ని చేనికి తీసుకుపోయి చెప్పేది. పిల్లలు లేరు వాళ్లకు. ముసలితనం దగ్గరపడే వయసులో ఆయనకు ఒక పిచ్చి పట్టింది. ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే రౌటరు డబ్బా ఉంటుంది కదా, వెనక నిలువుగా యాంటెనాలుండేది, మా ఊళ్లో దాన్ని కొమ్ముల డబ్బా అంటారు. ఆ డబ్బాల పిచ్చి.

“కంపెనీవాడు ఇచ్చేది వట్టి ఇల్లురా” అనేవాడు బావ. “గోడలుంటాయి, కప్పుంటాది. రోలు, రోకలి, నులక మంచం మనం తెచ్చుకోవాల.” ఆ డబ్బా లోపల కూడా ఒక చిన్న కంప్యూటరే ఉంటుందట. లైనక్స్ అనే దాని మీద నడుస్తుందట. కంపెనీ వేసిన సాఫ్ట్‌వేర్ తీసేసి వేరేది ఎక్కిస్తే, ఆ తర్వాత మనకు కావలసిన పనిముట్లు ఒక్కొక్కటే తెచ్చి పెట్టుకోవచ్చట. ఆ పనిముట్లను ప్యాకేజీలు అంటారు. ప్యాకేజీ తెప్పించే ఆజ్ఞ ఇంగ్లీషులో నాలుగక్షరాలు, ఓ, పీ, కే, జీ. మా బావ దాన్ని అక్షరాలుగా ఎప్పుడూ పలకలేదు. “ఓ ప్యాకేజీ” అనేవాడు. “ఓ ప్యాకేజీ కొట్టినా, వచ్చినాది.” “ఓ ప్యాకేజీ కొడితే తప్పు చూపిస్తాండాది.” రోజంతా అదే పాట.

ఇదంతా ఎందుకంటే, కరెంటు కోసం. చేనుకు త్రీఫేజు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఇంటి దగ్గరున్నవాడికి తెలియదు. ఫోన్‌తో మోటారు వేసే స్టార్టరు ఉంది గానీ, మా కొండ కింద సిగ్నలు దేవుడి దర్శనం లాంటిది. బావ మోటారు కొట్టంలో ఒక చిన్న డబ్బా పెట్టాడు, ఇంట్లో ఒక పెద్ద డబ్బా పెట్టాడు. చేనులో కరెంటు వస్తే కొట్టం డబ్బా మేలుకుంటుంది. అది మేలుకున్నట్టు ఇంటి డబ్బా పసిగట్టి, స్పీకరులో అరుస్తుంది. స్పీకరు నా పాత ఆటోది. అరుపు కూడా నాదే. “కరెంటొచ్చె” అని రికార్డు చేసి పంపమంటే నేను గాడిద ఓండ్ర పెట్టినట్టు అరిచి పంపాను. ఆయన మార్చలేదు. “గాడిద కంటే నువ్వే బాగా అరిచినావురా” అన్నాడు. ఆ డబ్బాకు స్పీకరు తగిలించాలంటే ఒక ప్యాకేజీ కావాలి. కథంతా ఆ ప్యాకేజీ దగ్గరే తిరగబడింది.

ఆయన్ని పెద్ద విద్వాంసుడని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. చంపిన డబ్బాలకు లెక్క లేదు. అనంతపురంలో సెకండ్‌హ్యాండు సామాన్ల అంగడి నుంచి నేను ఆటోలో తెచ్చేవాణ్ని, ఆయన వారంలో దాన్ని రాయి చేసేవాడు. చచ్చిన వాటిని నెమళ్లు బెదరడానికి చేనులో గుంజలకు కట్టాడు. నెమళ్లు వచ్చి వాటి మీదే కూర్చునేవి. పిల్లలు లేనివాళ్లకు డబ్బాలే పిల్లలని ఊళ్లో ఎకసక్కెం చేసేవాళ్లు. అక్క ఆ మాటకు నొచ్చుకునేది. ఆయన నొచ్చుకునేవాడు కాదు. పొద్దున లేవగానే డబ్బా మీద చేయి తిరగేసి పెట్టేవాడు, జ్వరం చూసినట్టు. “వెచ్చగా ఉండాది, బాగుండాది” అనుకుంటూ పళ్లు తోముకోవడానికి పోయేవాడు.

పని మాత్రం పద్ధతిగా చేసేవాడు. ఆటో బ్యాటరీ లాంటిది ఒకటి పక్కన పెట్టి, డబ్బాను దానికి కట్టందే ముట్టడు, మధ్యలో కరెంటు పోతుందని. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గుణింతం చెప్పినట్టు చెప్పేవాడు. “ముందు జాగా చూడు. తర్వాత సమాచారం తెప్పించు. ఆఖర్న సరుకు తెప్పించు.” డబ్బాలో జాగా చాలా తక్కువ, ఒకటి పెట్టాలంటే ఒకటి పీకాలి. పైగా ఒక ప్యాకేజీని పిలిస్తే అది ఒంటరిగా రాదు, దానికి కావలసినవన్నీ వెంట వస్తాయి. “పెండ్లికి ఒకర్ని పిలిచి చూడు, వాళ్ల చిన్నమ్మ గూడా వస్తాది. అట్లే ఇది” అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు: “పీకేది తెలీనోడు పెట్టేది నేర్చుకోగూడదు.” ఈ మాటను నేను మా ఊరి రాజకీయాలకు కూడా వాడుకున్నాను.

నా మీద ఆయన ఆడిన ఆట ఒకటి చెప్పాలి. నేను వాళ్లింటికి పోతే మంచం మీద పడుకుని వాళ్ల నెట్‌లో వీడియోలు చూసేవాణ్ని. ఒకరోజు ఫోన్ కలిపితే వీడియో రాలేదు. తెరనిండా పెద్ద అక్షరాలు: “బామ్మర్దీ, ముందు బర్రెలకు నీళ్లు పెట్టు.” కింద ఒక బొత్తాం, “పెట్టినా” అని. నేను అబద్ధంగా నొక్కాను. వెంటనే ఇంకో పేజీ: “తొట్టి చూసి వచ్చినా. అబద్ధం.” ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వుతున్నాడు. దానికీ ఒక ప్యాకేజీ ఉంటుందట. ఊళ్లో నన్ను ఏడిపించగలిగినవాడు ఆయనొక్కడే.

ఇక బావ మీద పడిన పాడు మాట సంగతి.

మా ఊరి కొండ కింది భూములు సోలారు అద్దాలు పెట్టడానికి కౌలుకు కావాలని ఒక కంపెనీ తరఫున మనుషులు వచ్చారు. ఊళ్లో వాళ్లకు మధ్యవర్తి ఒకాయన, ఆయన మీసాలు ఆయన కంటే ముందు వీధి మలుపు తిరుగుతాయి, మీసాలాయన అందాం. కొందరు ఇస్తామన్నారు. బావ ఇవ్వనన్నాడు. ఎన్ని బోర్లు ఎండాక ఆయన చేనులో పడిన బోరో అది. “అద్దాలు కడిగేకి నీళ్లుంటాయంట, చెనిక్కాయకు ఉండవంట. ఇదేం లెక్కరా?” అన్నాడు. ఆయన్ని చూసి ఆ కింది చేలవాళ్లంతా ఒక కట్టు మీద నిలబడ్డారు. ఎవరూ విడిగా సంతకం పెట్టకూడదని మాట అనుకున్నారు. ఆ కట్టుకు ముడి మా బావ.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున టీ కొట్టులో ఆయనకు ఫోన్ వచ్చింది. గుమ్మఘట్ట పక్క ఒక రిపేరీ ఆయన, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడతాడు, బావకు ఈ పిచ్చిలో జతగాడు. స్పీకరు ప్యాకేజీ ఎక్కిందా అని అడిగుంటాడు. బావ చెవి మందం కదా, టీ కొట్టంతా వినేటట్టు చెప్పాడు. నేనూ అక్కడే బన్ను తింటున్నాను.

“ఔనన్నా, దొరికినాది. నిన్న సాయంత్రమే తీసుకున్నా. ఓ ప్యాకేజీ… ఆ, ఓ ప్యాకేజీతోనే. జాగా అడిగినాది, పాతదాన్ని పీకేసి జాగా ఇచ్చినా. సంతకం గూడా సరిపోయినాది. ఇంగేం అడ్డం ల్యా. ఎవురికీ చెప్పల్యాన్నా, పని అయినాంక ఊరికి చూపిస్తా.”

టీ కొట్టులో గ్లాసులు కడిగే చప్పుడు ఆగిపోయింది. మీసాలాయన గ్లాసు కింద పెట్టి బయటికి పోయాడు.

ప్యాకేజీ అంటే మా పక్క ఏమిటో మీకు తెలుసు. కరువు వస్తే ప్రకటించేది ప్యాకేజీ, ఎన్నికల ముందు కండువా మార్చినవాడు తీసుకునేది ప్యాకేజీ. దానికి తోడు జాగా ఇచ్చినాడట, సంతకం సరిపోయినాదట, ఎవరికీ చెప్పలేదట. మధ్యాహ్నానికి ఆ కట్టులో ఉన్నవాళ్లు బావ ఎదురొస్తే చెప్పుల వైపు చూసుకుంటూ పోయారు.

నేను ఇల్లిల్లూ తిరిగాను. “అది డబ్బాలో వేసే ప్యాకేజీ అప్పా. కొమ్ముల డబ్బాలో” అని మొత్తుకున్నాను.

“డబ్బాలో ఎంత పట్టినాదంట?” అని ఒకాయన అడిగాడు.

“దుడ్లు కాదు మామా! సాఫ్ట్‌వేరు!”

“పో పోరా. నీ మాట నమ్మి మీ బావ చేనులో వజ్రాలు ఏరితిమి. ఇంగ డబ్బాలో ప్యాకేజీ గూడా నమ్మాలా?”

అది కూడా చెప్పాలి. తొలకరి పడితే వజ్రకరూరు పక్క జనం చేలల్లో రాళ్లు ఏరుతుంటారు కదా. ఒక ఏడు మా బావ చేనులో కూడా మెరుపు రాయి దొరికిందని నేను ఒక మాట వదిలాను. సగం ఊరు వచ్చి చేనులో వంగింది, గులకరాళ్లన్నీ ఏరి గట్టున పోసింది. కూలి లేకుండా చేను బాగుపడిందని అప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వింది బావే. ఇప్పుడు ఆ నవ్వు కూడా ఆయన మీద సాక్ష్యం చెప్పింది. బావా బామ్మర్దులు ఇద్దరూ కలిసి ఊరిని ఆడించేవాళ్లేనని తేల్చేశారు.

సాయంత్రం బావ నన్ను పిలిచాడు. కోపంగా లేడు, దానికే నాకు భయమేసింది. “నువ్వు చెప్పొద్దురా” అన్నాడు. “నువ్వు చెప్తే ఉండే నిజం గూడా అబద్ధమైపోతాది. నేనే చూపిస్తా.”

పంచాయితీ ఆఫీసు అరుగు మీద అందరినీ కూర్చోబెట్టాడు. ఒక కొత్త డబ్బా తెచ్చాడు. కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, వేరేది ఎక్కించి, దాని మీద ప్యాకేజీ వేసి, మొదటి నుంచి అందరి కళ్ల ముందు చేస్తానన్నాడు. “బ్యాటరీకి కట్టు బావా” అన్నాను. వినలేదు. ఇంటి దగ్గర అంత ఓపికగా ఉండే మనిషి ఆ రోజు గోడకున్న ప్లగ్గులో తగిలించాడు. ఎక్కుతోంది, ఇంకొంచెం, ఇంకొంచెం అంటుండగా కరెంటు పోయింది.

మళ్లీ వచ్చాక ఆ డబ్బాకు ఎర్ర లైటు ఒక్కటే వెలిగి ఆరి వెలుగుతూ ఉండిపోయింది. ఆయన దాని మీద చేయి తిరగేసి పెట్టాడు.

“నీ ప్యాకేజీ గూడా మన కరెంటు మాదిరే ఉండాదే, వచ్చినట్టే వచ్చి పాయె” అన్నాడు మీసాలాయన. అందరూ నవ్వారు. ఊరిని నవ్వించడం నా వృత్తి. ఆ రోజు మాత్రం నేను తల ఎత్తకుండా ఆ డబ్బా వైరు చుట్టుకున్నాను.

తర్వాత బావ ఆ మాట ఎత్తలేదు. మమ్మల్ని ఎత్తనివ్వలేదు. ఆయన పొగరుమోతు, ఆ సంగతి దాచను. ఇంకోసారి బ్యాటరీకి కట్టి చూపించి ఉంటే సరిపోయేది. “నా మాట నమ్మనోళ్లకు డబ్బా చూపించి బతకాల్నా?” అన్నాడు. కట్టు విడిపోయింది. ఆయన తీసుకోగా లేనిది మనమెందుకు ఆగాలని ఒక్కొక్కరే సంతకాలు పెట్టారు. మూడు పక్కలా ఇనుప గుంజలు లేచాయి. బావ సంతకం పెట్టలేదు. అప్పుడైనా అనుమానం తీరాలి కదా? తీరలేదు. “ఇంకా ఎక్కువ రేటుకు ఆపి పెట్టుకున్నాడు” అన్నారు. మాట అనేవాళ్లకు దారి దొరక్కుండా పోతుందా!

టీ కొట్టుకు పోవడం మానేశాడు. పొద్దున్నే చేనుకు పోయి, కాస్త సిగ్నలు దొరికే ఒక్క గట్టు మీద కూర్చుని, ఫోన్‌లో గుమ్మఘట్ట ఆయనతో మాట్లాడుకునేవాడు. అక్కడ ఎంత గట్టిగా అరిచినా వినేవాళ్లు లేరు. ఒక పొద్దున అలా కూర్చున్నవాడు లేవలేదు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. ఆ గట్టు పక్కనే మట్టి చేశాం.

మట్టికి ఊరంతా వచ్చింది. మా పక్క ఎంత పగైనా మట్టికి వస్తారు. దినం అయిపోయాక, బంధువులు వెళ్లిపోయాక, మీసాలాయన వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఆయన అబద్ధాలకోరని నేననను. తాను చెవులారా విన్నదాన్నే నమ్మాడు.

“చూడమ్మా” అన్నాడు అక్కతో. “నీ మొగుడు ఒప్పుకొని పోయినాడు. నేను విన్నా, ఊరు విన్నాది. ప్యాకేజీ తీసుకున్నాడు, జాగా ఇచ్చినా అన్నాడు. కాగితం మీద రాకముందే పాయె. చచ్చినోడి మాట నిలబెట్టేది నువ్వే. రేపొద్దున కాగితాలు తెస్తా.”

ఆయన పోయాక అక్క వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తర్వాత నన్ను పిలిచింది.

“నిజం చెప్పురా. మీ బావ తీసుకున్నాడా?”

“అక్కా! నువ్వు గూడానా?”

“నాకేం తెలుసురా. ఆ డబ్బాలతో ఏం చేసినాడో నాకెప్పుడూ అర్థం కాల్యా. తీసుకునింటే నేను సంతకం పెట్టాల్సిందే. మాట తప్పినోడని ఆయన్ని అనిపించను. తీసుకోకుంటే పెట్టను. ఆయన పండుకొనుండే మన్ను అది. నాకు తెల్వాల్సింది ఆ ఒక్కటే.”

“నీ మీద ఒట్టు అక్కా, తీసుకోల్యా.”

“నీ ఒట్లు ఊరంతా చూసినారు కదరా” అంది. తిట్టినట్టు కూడా లేదు. దీపం ఆర్పినట్టు అంది.

నాకు ఇంకేం తోచలేదు. బావ డబ్బాను గూట్లోంచి కిందికి దించాను, బ్యాటరీకి కట్టాను, ఆయన పాత ల్యాప్‌టాప్ తెరిచాను. నాకు వచ్చింది ఆయన గుణింతమే. “రా, కూర్చో. ఒక ప్యాకేజీ వేద్దాం. ఏదో ఒకటి. నీ కళ్లతో చూడు” అన్నాను.

అక్క కొంగు నడుముకు దోపుకుని పక్కన కూర్చుంది. ముందు జాగా చూశాను. లేదు.

“ఏమంటాండాది?” అంది.

“జాగా ల్యా అంటాండాది. ఇది వేయాలంటే పాతది ఒకటి పీకి జాగా ఇయ్యాల.”

అక్క నా వైపు తిరిగి చూసింది.

“ఆయన వేసినవి పోతాయా?” అని అడిగింది.

“ఒకటి పోవాల.”

ఏది తీయాలా అని చూశాను. స్పీకరుది తీయలేను, కరెంటు కబురు పోతుంది. మిగిలినవాటిలో జాగా ఎక్కువ తినేది నన్ను బర్రెలకు నీళ్లు పెట్టమనే ఆ పేజీది. తీసేశాను. ఎంటర్ కొట్టాక నా వేలు ఆ బొత్తాం మీదే కాసేపు ఉండిపోయింది.

తర్వాత సమాచారం తెప్పించాను. తెర మీద ఇంగ్లీషు వరుసలు పైకి జరిగిపోతున్నాయి. అక్క ఏడో తరగతి వరకు చదివింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు. ఉన్నట్టుండి తెర మీద వేలు పెట్టింది.

“సి… గ్నే… చర్. సిగ్నేచర్ అంటే సంతకం కదరా?”

“ఔనక్కా. సిగ్నేచర్ చెక్ పాస్‌డ్. సంతకం సరిపోయినాది అని.”

“ఎవురి సంతకం?”

“ఆ సరుకు చేసి పెట్టినోళ్లది. యాడో దూరంగా ఉంటారు. మధ్యలో దొంగ సరుకు కలవకుండా వాళ్ల సంతకం వేసి పంపుతారు. అది సరిపోతేనే ఈ డబ్బా లోపలికి రానిస్తాది.”

“ఆయనది కాదా?”

“ఆయనది కాదక్కా. మనం పెట్టేదేం ల్యా దీంట్లో.”

నేను ఓ ప్యాకేజీ కొట్టాను. అది వచ్చింది, దాని బంధువులతో సహా వచ్చి, జాగాలో కూర్చుంది. అక్క అది చూడటం లేదు. రెండు చేతులూ మొగం మీద పెట్టుకుని ఏడుస్తోంది. మట్టి రోజు కూడా అలా ఏడవలేదు. “టీ కొట్టులో అరిచింది ఇదేనా? ఇంతేనా?” అంటోంది. “నేను గూడా లోపల్లోపల అనుమానపడితినే… అడగలేకపోతినే… ఆయన నా కండ్లల్లో చూసింటాడు కదరా.”

చూసే ఉంటాడు.

మరుసటి పొద్దున మీసాలాయన కాగితాలతో వచ్చాడు, వేలిముద్ర పెట్టేదేమో అని ఇంకు డబ్బా కూడా తెచ్చాడు. అక్క ఆయనకు మజ్జిగ ఇచ్చింది. తాగేదాకా ఆగింది.

“సంతకం సరిపోయినాదని మా ఆయన అన్నాడంటివి కదన్నా. నిజమే, అన్నాడు. అది ఆ డబ్బాలోకి సరుకు పంపినోళ్ల సంతకం. జాగా ఇచ్చిందీ ఆ డబ్బాలోనే. ఈ ఇంట్లో ఎవురూ ఎవురికీ సంతకం పెట్టల్యా. నేనూ పెట్టను.”

ఆయన నా వైపు వేలు చూపించాడు. “ఈడు చెప్పినాడా నీకు?”

“ఈడు చెప్తే నేను గూడా నమ్మల్యా. చూసినా” అంది అక్క. “నువ్వూ రా, కూర్చో, చూపిస్తాం. నీ యెదురుగా ఇంగొకటి వేస్తాం.”

ఆయన గుమ్మం దాకా వచ్చాడు. లోపల గూట్లో పచ్చ లైటు వెలుగుతున్న డబ్బా వైపు చూశాడు. ఒక కాలు గడప దాటింది కూడా. దాటినవాడు చూస్తే నమ్మాలి, నమ్మితే ఊళ్లో మిగతా సంతకాల సంగతి ఏం కావాలి? కాలు వెనక్కి తీసుకున్నాడు. “పనుందమ్మా, ఇంగోసారి వస్తా” అని చెప్పులేసుకున్నాడు.

ఇంకోసారి రాలేదు. ఊళ్లోవాళ్లు కూడా ఎవరూ చూడటానికి రాలేదు. టీ కొట్టులో ఇప్పటికీ మా బావను “ప్యాకేజీ ఆయన” అంటారు, నన్ను చూస్తే గొంతు తగ్గిస్తారు. నేను మాత్రం చెప్పడం మానేశాను. నేను చెప్తే ఏమవుతుందో ఆయనే చెప్పిపోయాడు. అక్షరాలకు నా ముఖం ఉండదు కదా, చదివేవాళ్లలో ఒక్కరైనా నమ్ముతారేమో అని రాస్తున్నాను. మా బావ జీవితంలో తీసుకున్న ప్యాకేజీలన్నీ ఒక కొమ్ముల డబ్బాలో పట్టేవి. పట్టక ఒకదాన్ని పీకి ఇంకోదాన్ని పెట్టుకునేవాడు. ఆయన ఇచ్చిన జాగా అంతా అదే.

మొన్న సాయంత్రం అక్కను ఇంటికి తీసుకుపోదామని చేనుకు పోయాను. తూర్పు పక్క పెట్టిన అద్దాలు పొద్దుతో పాటు తిరిగే రకం. పొద్దు వాలేటప్పటికి అవన్నీ పడమటికి, అంటే మా చేను వైపుకు నిలువుగా తిరిగి ఉంటాయి. ఆటో దూరంగా ఆపి చూస్తూ నిలబడ్డాను. అక్క చెనిక్కాయ సాళ్లలో ఒక్కతే వంగి కలుపు తీస్తోంది. అద్దాల్లో మాత్రం ఒక్కతి కాదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఒక్కో అద్దంలో ఒక్కో అక్క. అందరూ ఒకేసారి వంగి, ఒకేసారి గడ్డి పీకి, ఒకేసారి నడుము మీద చేయి పెట్టుకుని లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ వంగుతున్నారు.